నేరేడు రంగు రాని తట్టలు

రోజు 1,206

నీళ్ళగది పుస్తకంలో తట్టల సంఖ్య, పెట్టిన వేడి, వచ్చిన నీళ్ళు, ఈ మూడే రాయాలని సంఘం పెద్ద రుక్మాంగదరావు గారు గోడకి కాగితం అంటించారు. ‘అభిప్రాయాలు వద్దు’ అని కింద గీత కూడా గీశారు. నెలకోసారి ఈ పుస్తకం చదివేది ఆయనొక్కరే. పాపం, ఆయనకి నవ్వుకోడానికి ఇంకేముంది అని నేను కొంచెం అదనంగా రాస్తుంటాను. ఇంతవరకూ ఆయన నవ్వినట్టు దాఖలాలు లేవు.

తట్టలు ఇరవై. వేడి డెబ్బై అయిదు డిగ్రీలు. నీళ్ళు పదకొండు వందల లీటర్లు.

అంటే నిన్న ఈ సొరంగంలో నూట నలభైమంది విడిచిన ఊపిరి, పట్టిన చెమట, ఆరేసిన బట్టల తడి, మా ఆవిడ సుంకమ్మ ఉమ్మడి వంటశాలలో ఉడికించిన పప్పు ఆవిరి, అంతా కలిసి ఇవాళ మళ్ళీ మంచినీళ్ళయింది. బయట ఈ గ్రహం ఎర్రదుమ్ము తప్ప ఏమీ లేదు కాబట్టి, ఉన్న తడినే తిప్పి తిప్పి వాడుకుంటాం.

ఆ పని చేసేది తట్టల్లోని గూటిపొడి. చూడ్డానికి నీలి ఉప్పులా ఉంటుంది. లోపల రాగి ముడులు, వాటిని కలిపే సన్నటి పుల్లలు, మధ్యలో లెక్కలేనన్ని ఖాళీ గదులు. గాలిలోని తడి వచ్చి ఆ గదుల్లో కూర్చుంటుంది. కొంచెం వెచ్చబెడితే లేచి వెళ్ళిపోతుంది. గదిలో ఊరికే కూర్చున్న నీరు ముందు లేస్తుంది. రాగి చెయ్యి పట్టుకు కూర్చున్న నీరు మాత్రం కాస్త బతిమాలించుకుంటుంది. అదీ వదిలాక, రాగి ఒంటరిదై, లేత నీలం పొడి కాస్తా నేరేడుపండు రంగుకి తిరుగుతుంది. ఆ రంగు చూస్తే నాకు తెలుస్తుంది, గదులన్నీ ఖాళీ అని.

రోజు 1,236న వచ్చే ఓడలో ముప్ఫై ఒక్కమంది కొత్తవాళ్ళు దిగుతున్నారు. వాళ్ళ కోసం ఇంకో ఎనిమిది తట్టలకి పొడి తయారుచేశాను. కొత్త పొడితో ఒక చిక్కుంది. అది ఏ ద్రావకంలో పుడుతుందో దాన్నే కడుపునిండా నింపుకుని పుడుతుంది. మా ద్రావకం పేరు పొడుగు. ముద్దుగా డీఎం అంటాం. అది రాగి చెయ్యి పట్టుకుందంటే ఓ పట్టాన వదలదు. అందుకే పొడిని మెథనాల్లో నానబెట్టి, రోజుకొకసారి పాతది వంచేసి కొత్తది పోయాలి. ఆరుసార్లు. ఒక్కో కడుగుకీ డీఎం కొంచెం కొంచెం బయటికొస్తుంది, దాని చోట మెథనాల్ చేరుతుంది. మెథనాల్ మొహమాటస్తుడు. వెచ్చబెట్టగానే దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు.

ఇవాళ మొదటి కడుగు అయింది.

రోజు 1,208

మూడో కడుగు.

రేపు సాయంత్రం పులిమేక పోటీ ఆఖరి ఆట. నాకూ, చేపల తొట్లు చూసే మైలపల్లి ఎర్రమ్మత్తకీ. ఆమెకి అరవై రెండేళ్ళు. మూడు తొట్లలో ఆరువందల చేపల్ని పెంచుతుంది. నిన్నటి నుంచీ నేను ఎత్తులు సాధన చేస్తున్నాను.

రోజు 1,209

కడుగులు ఆరూ పూర్తి.

ఓడిపోయాను. నా పులులు నాలుగూ పదకొండు నిమిషాల్లో కదల్లేకుండా పోయాయి. ఎర్రమ్మత్త లేస్తూ, “పులులకి పొగరెక్కువ, మేకలకి ఓపికెక్కువ అల్లుడా” అంది. ఈ మాట పుస్తకంలో రాయాల్సిన అవసరం లేదు. అయినా రాశాను.

రోజు 1,211

కొత్త తట్టలు ఎనిమిదీ గాలి లేని పెట్టెలో పెట్టి వెచ్చజేసి, పాతవాటి పక్కన ఎక్కించాను. నేరేడు రంగు సరిగ్గా రాలేదు. కొంచెం పచ్చదనం కలిసిన నీలంగానే ఉన్నాయి. ఈ గదిలో దీపం మసకబారింది. మార్చాలి.

రోజు 1,214

తట్టలు ఇరవై ఎనిమిది. నీళ్ళు పన్నెండు వందల యాభై లీటర్లు. ఇంకా ఎక్కువ రావాలి.

పొద్దున్నే రుక్మాంగదరావు గారు గ్లాసు పట్టుకుని వచ్చారు. గ్లాసుని ముక్కుకి జానెడు దూరంలో పట్టుకున్నారు, పాము పిల్లని పట్టుకున్నట్టు.

“కంబగిరీ, ఇదేం వాసన?”

చూశాను. నీళ్ళే. కానీ, ఏదో ఉంది.

“ఎండు చేప,” అన్నారాయన. “నా ముక్కు అరవై ఏళ్ళుగా నన్ను మోసం చెయ్యలేదు. ఎవరో ఈ సొరంగంలో చేపలు ఎండబెడుతున్నారు. ఆ ఆవిరి నీ తట్టల్లోకొచ్చి, తట్టల్లోంచి నా గ్లాసులోకి వచ్చింది.”

‘ఎవరో’ అన్నారు కానీ, ఈ సొరంగంలో చేపలున్నది ఒక్కరి దగ్గరే.

రోజు 1,216

వాసన పెరిగింది. పప్పులో వస్తోంది, మజ్జిగలో వస్తోంది. సుంకమ్మ వంటశాల గుమ్మంలో నిలబడి, “చింతపండు రెండింతలు పోసినా పోల్యా” అని ప్రకటించింది.

సంఘం వాళ్ళు ముగ్గురు ఎర్రమ్మత్త గది సోదా చేశారు. నీళ్ళగది తరఫున నన్నూ రమ్మన్నారు. మంచం కింద చూశారు, దుప్పట్లు దులిపారు, ట్రంకుపెట్టె తెరిచారు. దొరికినవి నాలుగు చీరలు, ఒక చిన్న ఉప్పుడబ్బా, వాళ్ళాయన ఫోటో. రుక్మాంగదరావు గారు ఉప్పుడబ్బాని చాలాసేపు పట్టి చూశారు.

ఎర్రమ్మత్త గోడకానుకుని నిలబడింది.

“బాబూ, సేప ఎండాలంటే ఏటి గావాల? ఎండ గావాల, గాలి గావాల. ఈ సొరంగంలో మీకు ఎక్కడైనా ఎండ కనబడిందా? కనబడితే సెప్పండి, నానూ ఎల్లి కూకుంటాను.”

ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సింది.

రోజు 1,217

సంఘం తీర్మానం గోడకెక్కింది. ‘ఉమ్మడి గాలిని పాడుచేసినందుకు’ చేపల తొట్లు మూడూ రోజు 1,222న మూసెయ్యాలి. చేపల్ని ఎరువు గుంటలో వెయ్యాలి. ఎర్రమ్మ బట్టలుతికే గదికి మారాలి.

ఆమె కాగితం ముందు నిలబడి, నన్ను చదివి వినిపించమంది. చదివాను. ఆమె నా చేతిలో గ్లాసు తీసుకుని వాసన చూసింది. నాలుక మీద ఒక్క చుక్క వేసుకుని ఉమ్మేసింది.

“ఇది ఎండుసేప కాదు అల్లుడా. మా అమ్మ, మా అమ్మమ్మ, అందరం ఆ వాసన్లోనే పుట్టినాం. ఎండుసేప్పక్కన ఉప్పుంటాది, ఇసకుంటాది. ఇది మందు వాసన. సేపలాగ ఏసం కట్టిన మందు. నీ గది వేపునుంచే వస్తంది, సూసుకో.”

రోజు 1,218

కొత్త తట్టలోంచి చిటికెడు పొడి తీసి గాజు గొట్టంలో వెచ్చబెట్టాను. పాత తట్ట పొడి ఇంకో గొట్టంలో. పాతది పావుగంటలో నేరేడు రంగుకి తిరిగింది. కొత్తది గంటన్నర అయినా నీలంగానే ఉంది. గొట్టం మూతి దగ్గర ముక్కు పెట్టాను.

దీపం బాగానే ఉంది. మొన్ననే మార్చాను.

మరోసారి చూడాలి.

రోజు 1,219

గాలిమర రెక్కలు తుడిచాను. మూడో పైపు బిగించాను. నీళ్ళు పన్నెండు వందల ముప్ఫై.

రోజు 1,220

గాలిమర రెక్కలు మళ్ళీ తుడిచాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సుంకమ్మ నా ఎదురుగా కూర్చుంది. తినలేదు. నా గ్లాసు వైపు చూస్తోంది.

“ఏమయ్యా, నువ్వు రెండు దినాలుగా నీళ్ళు తాగల్యా. యాల?”

“తాగుతున్నానే.”

“తాగల్యా. గ్లాసు నింపుకుంటావు, మొక్కల్లో పోస్తావు. నేను చూస్తాండా. ఊరంతా తాగే నీళ్ళు నువ్వు తాగనంటే, నీకేందో తెలుసు. తెలిసి చెప్పకుండా ఉండావు.”

నేను పెరుగన్నం కలుపుతూనే ఉన్నాను. అది అప్పటికే బాగా కలిసింది.

“రేపిటికల్లా నువ్వు చెప్తే సరి,” అంది సుంకమ్మ లేస్తూ. “లేకుంటే నేనే పోయి చెప్తా, నువ్వు నీళ్ళు తాగడంల్యా అని. మిగిలింది వాళ్ళే అడుగుతారు.”

రోజు 1,221

రోజు 1,209న ‘కడుగులు ఆరూ పూర్తి’ అని రాశాను. అది అబద్ధం. మూడే చేశాను. ఆరోజు నాలుగోది చేస్తే పులిమేక సాధనకి టైము చాలదని, మూడు చాలులే అనుకున్నాను. సగం డీఎం లోపలే మిగిలిపోయింది. తట్టలు వెచ్చబెట్టిన ప్రతిసారీ అది నీళ్ళతోపాటు కొంచెం కొంచెం బయటికొచ్చి, వేడికి విరిగి, ఎండుచేప వాసన వేస్తోంది. ఎర్రమ్మత్త చేపలకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇదే మాట పొద్దున సంఘం ముందు చెప్పాను. నీలంగా ఉన్న గాజు గొట్టం, నేరేడు రంగు గొట్టం, రెండూ బల్లమీద పెట్టాను. ముందు డాక్టరమ్మే తేరుకుంది. ఈ క్షణం నుంచి ఆ నీళ్ళు ఎవరూ తాగకూడదంది. అందరి రక్తం పరీక్షించాలంది. ఇంకొన్నాళ్ళు తాగి ఉంటే అందరి లివరూ దెబ్బతినేదని చెప్పి, నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను.

రుక్మాంగదరావు గారు గొంతు సవరించుకున్నారు. “అయితే పరిష్కారం సులభమేగా. వేడి పెంచు. రెండొందల యాభై పెట్టు. డీఎం దెబ్బకి పారిపోతుంది.”

“పారిపోతుంది సార్. గోడల్ని కూడా లాక్కుపోతుంది.”

నమ్మలేదు. సరే అని చిటికెడు పొడి ఆయన ముందే అంత వేడిలో పెట్టాను. అరగంటలో నీలం పోయింది, నేరేడు రాలేదు. బూడిదరంగు మట్టి మిగిలింది. దాన్ని తడిగాలిలో పెడితే ఒక్క బొట్టు కూడా పట్టలేదు. గదులన్నీ కూలిపోయాయి.

ఆయన ఆ మట్టిని వేలితో తాకి చూశారు. “మరేం చెయ్యాలి?”

“మళ్ళీ కడగాలి. కొత్తవి ఎనిమిదీ, వాటి పక్కన గాలి పీల్చిన పాతవి ఇరవై కూడా. ఆరేసి సార్లు. తర్వాత మెల్లగా మూడు రోజులు వెచ్చబెట్టాలి. తొమ్మిది రోజులు. అప్పటిదాకా నీళ్ళు రావు.”

“తొమ్మిది రోజులు నూట నలభైమంది ఏం తాగుతారయ్యా?”

సొరంగంలో అన్ని నీళ్ళు ఒక్కచోటే ఉన్నాయి. మూడు తొట్లు, ఒక్కోటి అయిదు వేల లీటర్లు. కొత్త తట్టలు ఎక్కకముందు నింపినవి. రేపు మూసెయ్యాలని మనం తీర్మానించినవి.

అది అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన లేచి, కండువా సర్దుకుని, ముందు నడిచారు. మేం వెనక.

ఎర్రమ్మత్త తొట్టి అంచున కూర్చుని చేపలకి మేత వేస్తోంది.

“ఎర్రమ్మగారూ,” అన్నారు రుక్మాంగదరావు గారు.

ఆమె తలెత్తింది. “నిన్నటిదాకా ఎర్రమ్మనే కదండి. నీళ్ళు కావాలంటే గారు వచ్చీసిందేటి?”

ఆయన ఎర్రబడ్డారు. నేను ముందుకొచ్చి జరిగిందంతా మళ్ళీ చెప్పాను. మూడు కడుగులు, పులిమేక, అబద్ధపు రాత, అన్నీ. వింటున్నంతసేపూ ఆమె మేత వేస్తూనే ఉంది. అయ్యాక చేతులు దులుపుకుంది.

“ఆరొందల సేపల్ని ఒకే తొట్లో ఏస్తే ఊపిరాడదు. కొన్ని సస్తాయి. అయినా ఏస్తాను. పిల్లలున్నారు కదా. రెండు తొట్లు మీవి. ఒడకట్టి, మరగబెట్టుకు తాగండి.” లేచి నిలబడింది. “నాను దొంగనని కాయితం ఎక్కడ అంటించినారో, అక్కడే ఇంకో కాయితం పడాల. పెద్దాయనే సదవాల. గట్టిగా.”

రుక్మాంగదరావు గారు సాయంత్రానికల్లా రాశారు. అందరి ముందూ చదివారు. “అనివార్య కారణాల వల్ల తలెత్తిన అపోహకు సంఘం చింతిస్తూ...”

“అనివార్య అంటే ఏటి బాబూ?” అడిగింది ఎర్రమ్మత్త, నిజంగానే తెలియనట్టు.

“తప్పించలేనిది,” అన్నాను నేను.

“తప్పించొచ్చు కదేటి? నన్నొకసారి అడిగితే సరిపోను.”

ఆయన జేబులోంచి కలం తీశారు. ఆ వాక్యం కొట్టేసి, దానిమీద రాసి, మళ్ళీ చదివారు. “మేము ఎర్రమ్మగారిని అడగకుండానే దోషిని చేశాం. తప్పు మాది.” ఈసారి గొంతు కొంచెం తక్కువగా వచ్చింది. ఆమె ఇంకోసారి చదవమంది. చదివారు.

రోజు 1,224

మూడో కడుగు. ఇకనుంచీ ప్రతి కడుగుకీ సుంకమ్మ వచ్చి పుస్తకంలో సంతకం చేస్తుందట. సంఘం నిర్ణయం కాదు, ఆమె నిర్ణయం.

తట్టలు ఆగడంతో గాలిలో తడి పేరుకుపోయింది. గోడలు చెమటలు కారుస్తున్నాయి. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు. అప్పడాలు దుప్పట్లలా వంగుతున్నాయి. ఉప్పు గడ్డకట్టి రాయైంది. రుక్మాంగదరావు గారి గంజిపెట్టిన కండువా తడిసి మెడకంటుకుపోయింది. మూడేళ్ళలో ఆయన్ని కండువా లేకుండా మొదటిసారి చూశాం. మనిషి బాగానే ఉన్నారు.

చేపలనీళ్ళ మొదటి గ్లాసు ఆయనే తాగారు. అది మాత్రం ఒప్పుకోవాలి. కళ్ళు మూసుకుని, గుక్కతిప్పుకోకుండా తాగి, “పర్వాలేదు. మట్టి వాసన,” అన్నారు. తర్వాత అందరం తాగాం. నేనూ తాగాను.

రక్తపరీక్షలు వచ్చాయి. ఆరుగురికి లివరు కొద్దిగా అలిగింది, నెలలో సర్దుకుంటుంది అంది డాక్టరమ్మ. ఆ ఆరుగురి ఇళ్ళకీ వెళ్ళి చెప్పొచ్చాను. ఒకాయన తలుపు తియ్యలేదు.

రోజు 1,227

ఆరో కడుగు. వంచిన మెథనాల్‌ని పరీక్షించాను. డీఎం ఆనవాలు లేదు. ఇప్పుడు గదుల నిండా మొహమాటస్తుడే. వెచ్చబెట్టడం మొదలుపెట్టాను. మొదటిరోజు నలభై డిగ్రీలే. తొందరపెట్టను.

ఇవాళ చేపలు పద్నాలుగు చచ్చిపోయాయి. ఎర్రమ్మత్త ఒక్కొక్కటే తీసి, లెక్కపెట్టి, గంపలో వేసింది. నేను గంప మోశాను.

రోజు 1,230

పొద్దున ఎనిమిదింటికి పెట్టె తెరిచాను.

నేరేడు. ఇరవై ఎనిమిది తట్టలూ. అంచు నుంచి అంచుదాకా, నాలుకమీద రంగు అంటుకున్నట్టు ముదురు నేరేడు. సుంకమ్మ వంగి ఒక్కో తట్టా చూసి, సంతకం పెట్టి, “బాగుండాది” అంది. ఈ పుస్తకంలో ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు.

గాలిమర తిప్పాను. తొమ్మిది రోజుల తడి మీద పొడి ఆకలిగొన్నట్టు పడింది. గంటలోపే నేరేడు మాయమై తట్టలన్నీ ఆకాశనీలం అయ్యాయి. మధ్యాహ్నానికి గోడలు ఆరాయి. సాయంత్రానికి అప్పడం విరిగితే చప్పుడు వినిపించింది. పిల్లలు ఊరికే విరిచి విని నవ్వారు.

నీళ్ళు పంతొమ్మిది వందల లీటర్లు. మొదటి గ్లాసు ఎర్రమ్మత్తకి తీసుకెళ్ళాను. వాసన చూసింది. తాగింది. “ఏటీ లేదు,” అంది. నీళ్ళకి అంతకంటే ఏం కావాలి.

రోజు 1,234

కొత్తవాళ్ళ ఓడ ఎల్లుండి దిగుతుంది. తట్టలు ఇరవై ఎనిమిది, వేడి డెబ్బై అయిదు, నీళ్ళు పదమూడు వందల యాభై. కొత్తవాళ్ళొచ్చి ఊపిరి విడిస్తే ఇంకా పెరుగుతాయి.

నలభై రోజులు చేపల తొట్లు నేను కడగాలని ఎర్రమ్మత్త చెప్పింది. సంఘం దాన్ని శిక్షగా రాసుకుంది. ఇవాళ నాలుగో రోజు. ఒక తొట్టి మళ్ళీ నింపి, చేపల్ని రెండు తొట్లలోకి సర్దాం, మూడోది ఇంకా ఖాళీ. మొత్తం ఇరవై ఏడు పోయాయి.

నేను ఖాళీ తొట్టిలో మోకాళ్ళమీద కూర్చుని పాచి గీకుతున్నాను. ఆమె అంచుమీద కూర్చుంది.

“అల్లుడా, ఒకటడుగుతాను. నువ్వు సెప్పకపోతే ఎవులికీ తెలీదు కదా. నా సేపల్ని పారబోసీసి, వాసన ఇంకా వస్తంటే ఇంకేదో అనుకుందురు. ఎందుకు సెప్పీసినావు?”

“మా ఆవిడ చెప్పేస్తానంది.”

నవ్వింది. పళ్ళు కనబడేలా. “అది సగమే.”

“మీది తప్పు కాదు కదత్తా. అందుకు.”

తల ఊపింది. పక్క తొట్టిలో చేపలకి చారెడు మేత వేసింది. అవి పైకొచ్చి నీళ్ళు చిలికాయి. అప్పుడు అంది:

“మరి తెలిసినాక మూడ్రోజులు ఆగినావేటి?”

ఆమె కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను పాచి గీకుతూనే ఉన్నాను. చెప్పడానికి రెండు మూడు మాటలు నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ నిజం కాదు. అందుకని చెప్పలేదు.

ఆమె ఇంకాసేపు చూసింది. తర్వాత లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకుంది.

“ఆ మూల ఉండిపోనాది. అది కూడా తోము.”

తోమాను.